కాగితంలో హెచ్చుతగ్గులకు గుజ్జును నిందించవద్దు

సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక విజ్ఞాన పేజీలో ఇటీవల కాగితం తయారీపై వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. కలప నుంచి గుజ్జు, గుజ్జు నుంచి షీటు వరకు సాగే పనులన్నిటినీ రచయిత తేలిక మాటల్లో చెప్పారు. అయితే కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూసినప్పుడు ఒకచోట చిక్కగా, పక్కనే పలుచగా, మచ్చలు మచ్చలుగా కనిపిస్తే అది గుజ్జును సరిగా కలపకపోవడం వల్లనో, నాసిరకం గుజ్జు వాడడం వల్లనో జరిగిందని అందులో ఒక మాట ఉంది. ఈ అభిప్రాయం వ్యాసకర్త ఒక్కరిదే కాదు. కాగితం కొనేవారిలోనూ, అచ్చువేసేవారిలోనూ బలంగా పాతుకుపోయినదే. కాగితపు మిల్లు నాణ్యత విభాగంలో పనిచేసి విరమించినవాడిగా ఈ మాటను సరిదిద్దవలసి ఉందని భావించి ఈ లేఖ రాస్తున్నాను. ఎంత మేలురకం గుజ్జయినా, దాన్ని ఎంత జాగ్రత్తగా కలిపినా, అందులోని పోగులు ఉండకట్టక మానవు. పైగా పొడవైన పోగు ఉన్న ఖరీదైన గుజ్జే ఎక్కువగా ఉండకడుతుంది.

ముందుగా రెండు విషయాలను విడదీసి చూడాలి. సరిగా ఉడకని చెక్క తునకలు, విడిపోని పోగుల కట్టలు, పల్పర్‌లో (కాగితాన్ని నీటిలో చిలికి గుజ్జు చేసే తొట్టిలో) పూర్తిగా నానని పాత కాగితపు ముక్కలు ఒక రకం. వీటిని స్క్రీన్లు, క్లీనర్లు చాలావరకు పట్టేస్తాయి; తప్పించుకున్న కొన్ని కాగితం మీద చుక్కలుగా, పుల్లలుగా కనిపిస్తాయి. వీటి విషయంలో వ్యాసకర్త మాట నిజమే. కానీ షీటు అంతటా పరచుకుని ఉండే, మిల్లుల్లో ‘ఫార్మేషన్ బాగాలేదు’ అని చెప్పుకునే హెచ్చుతగ్గులు వీటివల్ల రావు. పోగులన్నీ పూర్తిగా విడివడిన గుజ్జులోనే, అది కాగితపు యంత్రం వైరు (గుజ్జులోని నీరు కిందికి జారిపోయే, కదిలే సన్నని జల్లెడ పట్టీ) మీద పడబోయే ఆఖరి క్షణాల్లో, కొత్తగా పుట్టే ఉండల వల్ల వస్తాయి. వాటిని ఏ స్క్రీనూ ఆపలేదు. స్క్రీను కన్నాల గుండా వెళ్లేటప్పుడు విడిపోయిన పోగులు అవతలి వైపుకు చేరగానే మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

ఎందుకు పట్టుకుంటాయన్నది పోగుల కొలతల్లోనే ఉంది. పైన్, స్ప్రూస్ వంటి సాఫ్ట్‌వుడ్ చెట్ల పోగు పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు, వెడల్పు 30 నుంచి 40 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). యూకలిప్టస్ వంటి హార్డ్‌వుడ్ చెట్ల పోగు పొడవు ఇంచుమించు 1 మిల్లీమీటరు, వెడల్పు 20 మైక్రాన్లకు అటూఇటూ. అంటే పోగు పొడవు దాని మందానికి యాభై నుంచి వంద రెట్లు ఉంటుంది. కదిలే నీటిలో ఇలాంటి పోగు నిలకడగా ఉండదు, దొర్లుతూ తిరుగుతుంది. అలా స్వేచ్ఛగా తిరగడానికి దానికి తన పొడవంత వ్యాసం ఉన్న గోళం కావాలి. అంత చోటు దొరకాలంటే నీటిలో గుజ్జు చాలా అంటే చాలా కొద్దిగా ఉండాలి. కెనడాలో ఎస్. జి. మేసన్ 20వ శతాబ్దం మధ్యలో చేసిన పరిశోధనలు దీన్ని మొదట స్పష్టం చేశాయి: పోగులు ఒకదానికొకటి తగలడానికి రసాయనిక ఆకర్షణ ఏదీ అవసరం లేదు, చోటు చాలకపోతే చాలు.

దీన్నే 1992లో కెరెకెస్, షెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక అంకెగా మార్చారు. ఒక పోగు పొడవంత వ్యాసం గల గోళాన్ని ఊహించి, అందులో సగటున ఎన్ని పోగులు ఉంటాయో లెక్కగట్టారు. దాన్ని క్రౌడింగ్ నంబర్ అంటారు. అది 1 కంటే తక్కువైతే పోగులు అప్పుడప్పుడు తగులుకుని విడిపోతాయి. 60 దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్క పోగుకు సగటున మూడు ఇతర పోగులతో స్పర్శ ఉంటుంది. అక్కడి నుంచి పైకి గుజ్జు నీరులా కాక వల మాదిరి ప్రవర్తిస్తుంది. ఈ లెక్కలో పొడవు వర్గంగా వస్తుందన్నది అసలు కీలకం. నీటిలో గుజ్జు 0.5 శాతం ఉందనుకుందాం. మీటరు పొడవుకు 0.2 మిల్లీగ్రాముల బరువు తూగే 3 మిల్లీమీటర్ల సాఫ్ట్‌వుడ్ పోగుకు ఈ అంకె 110 దాటుతుంది, మీటరుకు 0.1 మిల్లీగ్రాము తూగే 1 మిల్లీమీటరు హార్డ్‌వుడ్ పోగుకు 25 దగ్గర ఆగుతుంది. నీరు అదే, శాతం అదే, కలిపిన తీరు అదే. మొదటిది ఉండలు కట్టి తీరుతుంది, రెండోది చాలావరకు తప్పించుకుంటుంది. మేలురకం గుజ్జు అని మనం దేన్ని పిలుస్తామో అదే ఇక్కడ ఇబ్బంది పెడుతున్నదని గమనించాలి.

ఇక కలపడం సంగతి. కలిపితే ఉండలు విడిపోతాయన్నది సగం నిజం మాత్రమే. హోరుగా సుడులు తిరిగే నీటిలో ఉండలు చెదిరిపోయే మాట వాస్తవమే కాని, ఆ సుడులే పోగులను వంచుతాయి కూడా. సుడులు సద్దుమణగగానే వంగిన పోగు తిరిగి నిటారుగా అవ్వాలని చూస్తుంది. చుట్టూ ఉన్న మూడు నాలుగు పోగులు అడ్డుపడడంతో సగంలో ఆగి, వాటిని నొక్కిపట్టి అక్కడే ఉండిపోతుంది. జిగురు లేకుండా, ముడి లేకుండా, వంచి దూర్చిన వెదురు బద్దలు తమ బిగువు చేతనే బుట్టను నిలబెట్టినట్లు, ఈ వంగిన పోగుల బిగువూ వాటి మధ్య రాపిడీ కలిసి ఉండను నిలబెడతాయి. కనుక ఉండ పుట్టేది కలుపుతున్నప్పుడు కాదు, కలపడం ఆగిన మరుక్షణంలో. ఆ మరుక్షణం సెకనులో చిన్న భాగం. అంతకు ముందు గంటలకొద్దీ కలిపినా ఆ ఆఖరి క్షణానికి దాని ప్రయోజనం మిగలదు.

అందుకే కాగితపు యంత్రంలో హెడ్‌బాక్స్ అనే భాగానికి అంత ప్రాధాన్యం. అక్కడ గుజ్జు శాతం సాధారణంగా 0.2 నుంచి 1 వరకు ఉంటుంది, మిగిలినదంతా నీరే. సన్నని గొట్టాల వరుసల గుండా, ఉన్నట్టుండి వెడల్పయ్యే మలుపుల గుండా గుజ్జును తోసి, చిన్న చిన్న సుడులు పుట్టించి, అవి చల్లారకముందే సన్నని చీలిక గుండా వైరు మీదికి చిమ్మడం హెడ్‌బాక్స్ పని. సుడులు మరీ పెద్దవైతే షీటు మీద అలలు, చారలు పడతాయి. మరీ చిన్నవైతే అవి ఉండలో ఇరుక్కుపోయి దాన్ని చీల్చలేవు. ఉండ పరిమాణానికి తగిన సుడి కావాలి. యంత్రం నిమిషానికి 1500 మీటర్ల వేగంతో నడుస్తుంటే వైరు సెకనుకు 25 మీటర్లు కదులుతుంది. చిమ్మిన గుజ్జు షీటుగా కుదురుకోవడానికి దొరికే వ్యవధి సెకనులో కొద్ది వంతు మాత్రమే. ఆ వ్యవధిలో నీరు త్వరగా జారిపోతే పోగులు విడివిడిగా ఉన్నచోటే నిలిచిపోతాయి, ఆలస్యమైతే మళ్లీ గుంపుకడతాయి. రెండు వైర్ల మధ్య గుజ్జును పట్టి రెండు వైపుల నుంచి నీటిని లాగే యంత్రాలు మెరుగైన షీటును ఇవ్వడానికి ఇదొక కారణం. మరొకటి, వైరును ఒరుసుకునే బ్లేడ్లు నీరు లాగుతూనే గుజ్జుకు చిన్న చిన్న కుదుపులు ఇచ్చి ఉండలను చెదరగొట్టడం. చిమ్మే వేగానికీ వైరు వేగానికీ మధ్య కాస్త తేడా ఉంచడం కూడా ఇలాంటి ఉపాయమే. తేడా ఎక్కువైతే మాత్రం పోగులన్నీ ఒకే దిక్కుకు తిరిగి కాగితం నిలువుకూ అడ్డానికీ బలంలో అంతరం పెరుగుతుంది.

అలాంటప్పుడు ఇంకా నీరు కలిపి పలుచన చేస్తే సరిపోదా అని పాఠకులు అడగవచ్చు. సరిపోతుంది, కానీ దాని ఖర్చు చూడాలి. 0.5 శాతం దగ్గర ఒక టన్ను గుజ్జును మోయడానికి 200 టన్నుల నీరు వైరు మీదికి రావాలి. 0.25 శాతానికి దించితే 400 టన్నులు. ఇందులో అధికభాగం మళ్లీ మళ్లీ తిరిగే నీరే అయినా, ఆ నీటిని పంపు చేయాలి, అదే కొద్ది మీటర్ల వైరు మీద, అదే వ్యవధిలో లాగేయాలి. పంపులు, పైపులు, వైరు పొడవు అన్నీ ఒక అంచనాకు కట్టినవి. మిల్లు తలచుకున్న మాత్రాన పలుచన సాధ్యం కాదు.

నీరు జారే తీరు మాత్రం మనకు కొంత మేలు చేస్తుంది. వైరు మీద ఒకచోట పోగులు దట్టంగా పడితే అక్కడ నీటికి అడ్డు ఎక్కువ. పలుచగా ఉన్నచోట అడ్డు తక్కువ కనుక నీరు అటు మొగ్గుతుంది, తనతో కొత్త పోగులను అక్కడికే తీసుకువెళుతుంది. పలుచని చోట్లు ఇలా తమంతట తామే పూడుకుంటాయి. ఈ దిద్దుబాటు లేకపోతే పోగులు ఏ గుంపూ కట్టకుండా ఒక్కొక్కటిగా ఎక్కడ పడితే అక్కడ రాలినా షీటు సమంగా ఉండదు. ఎక్కడ పడితే అక్కడ పడడమంటే అన్నిచోట్లా సమానంగా పడడం కాదు కదా! కాల్మెస్, కోర్టె 1960లో ఇలాంటి ఊహా కాగితపు గణితాన్ని రూపొందించారు. నేటికీ నిజమైన షీటును ఆ ఊహా షీటుతో పోల్చి, దానికంటే ఎంత మెరుగు, ఎంత తీసికట్టు అని చెప్పడం మంచి పద్ధతిగానే ఉంది. ఎందుకంటే కాగితం పూర్తిగా సమంగా ఉండాలని కోరడం అసాధ్యాన్ని కోరడమే. చదరపు మీటరుకు 45 గ్రాములు తూగే న్యూస్‌ప్రింట్‌లో ఒక చదరపు మిల్లీమీటరు మీద ఉండే పదార్థం 0.045 మిల్లీగ్రాములు, పైన చెప్పిన సాఫ్ట్‌వుడ్ పోగుల్లో అయితే సుమారు డెబ్బై అయిదు పోగుల బరువు. అంత తక్కువ పోగులతో గీసిన బొమ్మలో పది అటూఇటూ అయితే కంటికి తెలియకుండా ఎలా ఉంటుంది?

అయితే పొట్టి పోగులే వాడితే పోలేదా? రాయడానికి, నకళ్లు తీయడానికి వాడే కాగితంలో చాలావరకు అదే జరుగుతోంది. హార్డ్‌వుడ్ గుజ్జు వాటా ఎక్కువగా ఉండడం వల్లనే ఆ కాగితం వెలుతురులో అంత నునుపుగా కనిపిస్తుంది. కానీ చిరుగుకు తట్టుకునే శక్తి, ముఖ్యంగా తడిగా ఉన్నప్పుడు యంత్రం మీద తెగకుండా నిలిచే శక్తి, పొడవైన పోగు నుంచే వస్తాయి. సంచుల కాగితానికి ఈ శక్తే ప్రాణం, దాని ఫార్మేషన్ కాస్త మోటుగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోనక్కరలేదు కూడా. మధ్యే మార్గంగా మిల్లులు రిఫైనింగ్ మీద ఆధారపడతాయి. రిఫైనర్ పళ్ల మధ్య నలిగిన పోగు మెత్తబడి, తేలికగా వంగి, పక్క పోగుతో బాగా అతుక్కుంటుంది. కొన్ని పోగులు తెగి పొట్టివవుతాయి. ఫార్మేషన్ మెరుగుపడుతుంది. దానికి బదులుగా నీరు జారడం మందగిస్తుంది, చిరుగు బలం తగ్గుతుంది. పాత కాగితం నుంచి తీసిన గుజ్జు విషయంలో వ్యాసకర్త అభిప్రాయం తలకిందులైందనే చెప్పాలి. పదేపదే వాడిన పోగు పొట్టిబడి ఉంటుంది కనుక ఆ గుజ్జుతో షీటు తరచుగా ఎక్కువ సమంగానే కుదురుతుంది. అక్కడ లోపించేది బలమే.

పొడవైన పోగుతో సమమైన షీటు చేయలేమని కాదు. జపాన్ చేతి కాగితం వాషికి వాడే కోజో పోగు పొడవు సుమారు 10 మిల్లీమీటర్లు. క్రౌడింగ్ నంబర్ లెక్కన అది ఉండలు తప్ప మరేమీ కాకూడదు. కానీ అక్కడి పనివారు బెండకు దగ్గరి చుట్టమైన తొరొరో-అవోయి మొక్క వేళ్ల నుంచి తీసిన జిగటను తొట్టిలో కలుపుతారు. ఆ జిగట పోగులను అతికించదు. నీటి చిక్కదనాన్ని పెంచి పోగుల కదలికను నెమ్మదింపజేస్తుంది, పోగు మీద జారుడు పూత వేసి రాపిడిని తగ్గిస్తుంది, నీరు జారడాన్ని ఆలస్యం చేసి, గుజ్జును ఎత్తే జల్లెడ చట్రాన్ని అటూఇటూ ఊపే సమయం ఇస్తుంది. పైన చెప్పిన కారణాలన్నిటికీ ఒక్క మందు! గణితం తెలియకముందే చేతులకు తెలిసిన విద్య అది. యంత్రాల మీద ఇదే పనికి గ్వార్ గమ్ వంటివి కొంతవరకు ఉపయోగపడతాయి కాని, నీరు ఆలస్యంగా జారడం వేగంగా నడిచే యంత్రానికి మింగుడుపడదు.

రసాయనాల ప్రస్తావన వచ్చింది కనుక మరొక మాట. గుజ్జుతోపాటు నీటిలో సన్నని నలుసులు, చాక్ పొడి, చైనా క్లే వంటి ఫిల్లర్లు ఉంటాయి. వైరు కన్నాల గుండా అవి కారిపోకుండా ఉండేందుకు ధనావేశం గల పాలీఅక్రిలమైడ్ వంటి రిటెన్షన్ ఎయిడ్ కలుపుతారు. ఆ పొడవాటి అణువు ఒక కొసతో నలుసును, మరో కొసతో పోగును పట్టుకుంటుంది; పట్టుకునే క్రమంలో పోగును పోగుకు కూడా కట్టేస్తుంది. రాపిడితో నిలిచే ఉండ కంటే ఇది గట్టిది. ఫిల్లర్ వృథా తగ్గాలని మోతాదు పెంచితే షీటు మచ్చలు తేలుతుంది, మోతాదు తగ్గిస్తే ఫిల్లర్ నీటితో పోతుంది. బెంటొనైట్ అనే బంకమన్ను, అతి సన్నని సిలికా రేణువులతో నడిచే పద్ధతులు వచ్చాక ఈ పీటముడి కొంత సడలింది. వాటితో ఉండలు చిన్నవిగా, ఒత్తిడికి చెదిరి మళ్లీ చిన్నవిగానే కట్టుకునేలా చేయవచ్చు.

ఈ హెచ్చుతగ్గులు కేవలం కంటికి ఇబ్బంది అయితే ఇంత రాయనక్కరలేదు. బరువైన చోటు ఆలస్యంగా ఆరుతుంది, అప్పటికే ఆరి బిగుసుకున్న పలుచని చోట్ల మధ్య అది కుంచించుకోవడంతో షీటు ముడతలు దేలుతుంది. క్యాలెండర్ రోల్స్ (కాగితాన్ని నొక్కి నునుపు చేసే రోలర్లు) మధ్య నొక్కినప్పుడు బరువైన చోట్లే ఒత్తిడినంతా భరించి గట్టిపడతాయి, పలుచని చోట్లు దాదాపు నొక్కుడు లేకుండా బయటపడతాయి. పైకి షీటు మందం సమమవుతుంది. లోపల సాంద్రత సమం కాదు. అచ్చు వేసినప్పుడు ఈ తేడా బయటపడుతుంది. గట్టి చోట సిరా పైనే నిలిచి మెరుస్తుంది, వదులు చోట లోపలికి ఇంకి పాలిపోతుంది. ముదురు నీలం పరచిన పెద్ద బొమ్మల్లో కనిపించే ఎగుడుదిగుడు మచ్చలకు అచ్చుయంత్రం నడిపేవారిని తప్పుపట్టేముందు కాగితాన్ని చూడాలి.

ఎలా చూడాలన్నదానిలో కూడా ఒక మెలిక ఉంది. వ్యాసంలో సూచించినట్లు వెలుతురుకు ఎదురుగా పట్టి చూడడం తొలి అంచనాకు పనికివస్తుంది కాని, కాగితం గుండా వెలుతురు ప్రయాణించడం బరువు మీద మాత్రమే ఆధారపడదు. పోగుల మధ్య గాలి ఉన్నచోట వెలుతురు చెదురుతుంది. క్యాలెండర్‌లో గట్టిగా నొక్కుకుపోయిన చోట గాలి తక్కువ కనుక వెలుతురు సులువుగా దాటుతుంది. అంటే బాగా నొక్కిన కాగితంలో ఎక్కువ బరువున్న చోటే ఎక్కువ వెలుగుగా కనిపించి మన కన్నును మోసగించవచ్చు. కార్బన్-14 నుంచి వెలువడే బీటా కణాలను కాగితం గుండా పంపి కొలిచే పద్ధతికి ఈ చిక్కు లేదు, ఆ కణాలను ఆపేది దారిలో ఉన్న పదార్థపు బరువే. అయితే ఒక్కొక్క గడి (ఒకసారి కొలిచే చిన్న భాగం) మీద ఎంతోసేపు ఆగవలసి రావడంతో అది ప్రయోగశాలకే పరిమితమైంది, యంత్రం పక్కన నేటికీ వెలుతురుతో పనిచేసే పరికరాలే ఎక్కువ.

కాగితం కొనుగోలు పత్రాల్లో జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) అని ఒకే ఒక అంకె ఉంటుంది. అది చదరపు మీటరు మీద సగటు. మిల్లీమీటరు మిల్లీమీటరుకు ఆ బరువు ఎలా మారుతున్నదో చెప్పదు. ఒకే జీఎస్‌ఎం ఉన్న రెండు షీట్లలో ఒకటి అచ్చుకు పనికివచ్చి మరొకటి రాకపోవడం అందుకే సాధ్యమవుతోంది. ఫార్మేషన్ అంకెను కూడా అడిగి తీసుకోవడం మంచిది. తీసుకునేటప్పుడు అది వెలుతురుతో కొలిచినదా, బీటా కణాలతో కొలిచినదా, ఎంత పరిమాణపు గడి మీద కొలిచారో అన్నది కూడా రాయించుకోవాలి. గడి పెద్దదైతే చిన్న ఉండలన్నీ సగటులో కలిసిపోయి ఏ కాగితమైనా బాగున్నట్లే కనిపిస్తుంది. ఇద్దరు తయారీదారులు వేర్వేరు గడుల మీద ఇచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీలులేదు.

మీ విజ్ఞాన పేజీలో ఆ ఒక్క వాక్యాన్ని సవరిస్తూ చిన్న వివరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
కాగితపు మిల్లు నాణ్యత విభాగం విశ్రాంత ఉద్యోగి